వారంటీ నెలాఖరుకి అయిపోతోంది, పొడిగించుకోవాలా?

ప్రశ్న: నేను కోనసీమలో ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచర్ని. మా వారు కువైట్‌లో ఉంటారు. మూడేళ్ళ కిందట కారు కొన్నాం. టర్బో పెట్రోలు, డీసీటీ ఆటోమేటిక్. ఆన్‌రోడ్ 14 లక్షలు దాటింది. నలభై దాటాక డ్రైవింగ్ నేర్చుకున్నాను, గేర్ల గొడవ లేకుండా ఉంటుందని ఆటోమేటిక్ తీసుకున్నాం. ఇప్పటికి 37,000 కిలోమీటర్లు తిరిగింది. ఈ నెలాఖరుతో కంపెనీ వారంటీ అయిపోతుంది. షోరూమ్ నుంచి రోజుకు రెండు ఫోన్లు. ఇంకో రెండేళ్ళు పొడిగించడానికి జీఎస్టీతో కలిపి 27,500 అంటున్నారు, ఇవాళ కడితేనే ఆ రేటట. మావయ్యగారేమో ‘దండగ, మన ఊళ్ళో మెకానిక్ లేడా’ అంటున్నారు. కిందటేడాది ఒకసారి ఆ మెకానిక్ దగ్గరే ఆయిల్ మార్పించారు కూడా. మా వారిని అడిగితే నీ ఇష్టం అంటారు. ఇంటి లోను, అబ్బాయి ఇంజినీరింగ్ ఫీజు పోను నెలకు మిగిలేది తక్కువే. కట్టమంటారా, వద్దంటారా? ఇంకో మాట. కాలవ వంతెన మెల్లగా ఎక్కేటప్పుడు కారు కాస్త అదురుతోంది. ఆటోమేటిక్‌లో అది మామూలేనా?

జవాబు: టీచరు గారూ, మీరు ‘ఇంకో మాట’ అని చివర్లో రాసిందే అసలు సంగతి. 27,500 గురించి తర్వాత మాట్లాడుకుందాం. ఆ అదురు గురించి ఈ నెలాఖరు లోపల, అంటే కంపెనీ ఇచ్చిన వారంటీ ఇంకా బతికుండగానే, కారు అధీకృత వర్క్‌షాపుకి తీసుకెళ్ళండి. మీకు రాజమండ్రి దగ్గరో, కాకినాడ దగ్గరో నాకు తెలియదు. ఎంత దూరమైనా వెళ్ళాల్సిందే.

డీసీటీ అంటే డ్యుయల్ క్లచ్ ట్రాన్స్‌మిషన్, ఒక రకం ఆటోమేటిక్ గేర్‌బాక్స్. దాని లోపల రెండు క్లచ్‌లు ఉంటాయి. ఒకటి బేసి గేర్లకి, ఒకటి సరి గేర్లకి. మీ కాలు చేసే పని ఒక చిన్న కంప్యూటర్ చేస్తుంది. కారు వేగంగా పోతున్నంతసేపూ దానికి ఏ ఇబ్బందీ లేదు. ట్రాఫిక్‌లో పాకుతున్నప్పుడు, ఎత్తు ఎక్కుతూ మధ్యలో ఆగి మళ్ళీ కదిలేటప్పుడు మాత్రం క్లచ్‌ను సగం పట్టి సగం వదులుతూ ఉంటుంది. మాన్యువల్ కారులో కొత్తగా నేర్చుకునేవాళ్ళు హాఫ్ క్లచ్ మీద బండి నిలబెడతారు చూడండి, అదే పని. వేడెక్కుతుంది, అరుగుతుంది, అదురుతుంది. అందులో కొంత నిజంగా మామూలే. కొన్నిసార్లు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో తగ్గుతుంది. కొన్నిసార్లు క్లచ్ మార్చాల్సి వస్తుంది. ఇక్కడ కూర్చుని అది ఏదో నేను చెప్పలేను, మీ మావయ్యగారి మెకానిక్ కూడా చెప్పలేడు. గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో ఉన్న లెక్కలన్నీ చదివే యంత్రం ఎక్కువగా కంపెనీ వర్క్‌షాపులోనే ఉంటుంది.

వెళ్ళినప్పుడు ‘జనరల్ చెకప్’ అని రాయనివ్వకండి. నేను ఇరవై ఏళ్ళు సర్వీస్ కౌంటర్ వెనక నిలబడ్డవాణ్ణి. హడావిడిలో మేము రాసేది అదే. జాబ్ కార్డులో, అంటే కారు అప్పగించేటప్పుడు కౌంటర్లో మీ ఫిర్యాదు రాసుకునే కాగితంలో, మీ మాటల్లోనే రాయించండి: ‘తక్కువ వేగంలో ఎత్తు ఎక్కేటప్పుడు అదురు’. కిలోమీటర్లు, తేదీ వేయించండి. టెక్నీషియన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని దగ్గర్లో ఏ ఫ్లైఓవరో, ఏ వంతెనో ఎక్కి చూపించండి. వర్క్‌షాపు ఆవరణలో చదును నేల మీద తిప్పితే ఏ కారూ అదరదు. వాళ్ళు చూసి ‘ప్రాబ్లం ఏమీ లేదు మేడమ్’ అన్నా పర్వాలేదు, ఆ మాటే కాగితం మీద రాసి ఇమ్మనండి. రేపు వారంటీ ముగిశాక ఇదే అదురు పెద్దదైతే, ఇది కొత్తగా వచ్చింది కాదు, వారంటీలో ఉండగానే చెప్పాను అనడానికి మీ చేతిలో ఉండే ఆధారం ఆ కాగితం ఒక్కటే. దీనికి మీకు పైసా ఖర్చు లేదు. వారంటీ పొడిగించుకునేవాళ్ళూ, పొడిగించుకోనివాళ్ళూ కూడా గడువుకి ముందు చేయాల్సిన పని ఇది. పదిమందిలో ఒకరు చేస్తే గొప్ప.

ఈలోగా ఎత్తు మీద ఆగినప్పుడు యాక్సిలరేటర్‌తో బండి నిలబెట్టకండి. బ్రేకు మీద ఆపండి. కాలు తీసినా బ్రేకు పట్టి ఉంచే ఆటో హోల్డ్ బటన్ ఉంటే వేసుకోండి. ముందు కారుకీ మీకూ మధ్య నాలుగు గజాలు చోటు వచ్చాకే కదలండి. అంగుళం అంగుళం జరపడమే డీసీటీకి శత్రువు.

ఇక మీ అసలు ప్రశ్న. కట్టమనే నా సలహా. అయితే ఇవాళ కాదు, ఫోన్లో కాదు, కొన్ని ప్రశ్నలు అడక్కుండా కాదు.

ఎందుకో చెప్పేముందు ఒక గందరగోళం తీసేయాలి. నాకొచ్చే ఉత్తరాల్లో సగం ఇక్కడే తప్పటడుగు వేస్తాయి. మీ కారు డాష్‌బోర్డులో మూడు రకాల కాగితాలు ఉండొచ్చు. ఇన్సూరెన్స్ ఒకటి, వారంటీ ఒకటి, ముందే డబ్బు కట్టే సర్వీస్ ప్యాకేజీ ఒకటి. మీ కోనసీమ భాషలో చెబుతాను. బానెట్ మీద కొబ్బరికాయ పడితే ఇన్సూరెన్స్. గోదావరి వరదొచ్చి ఇంజిన్లోకి నీళ్ళు వెళితే అదీ ఇన్సూరెన్సే, అది కూడా ఇంజిన్ ప్రొటెక్షన్ అనే యాడ్-ఆన్ తీసుకుని ఉంటేనే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కార్లు మునిగినప్పుడు ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉందన్న ధీమాతో వచ్చినవాళ్ళకి వర్క్‌షాపులు చెప్పగలిగిన జవాబు ఇదే. ‘బంపర్ టు బంపర్’ అనేది కూడా ఇన్సూరెన్సే, వారంటీ కాదు. తోటలో నిలిపిన కారు వైరింగును ఎలకలు కొరికితే వారంటీలో రాదు, ఇన్సూరెన్స్ వాళ్ళని అడగాలి. ఆయిల్, ఫిల్టర్లు సర్వీస్ ప్యాకేజీ కిందికి వస్తాయి. బయటి నుంచి ఏ దెబ్బా తగలకుండా, అరిగిపోయే భాగం కాకుండా, ఏదో ఒక పార్టు తనంతట తాను పాడైతే, అప్పుడు వారంటీ. బ్రేకు ప్యాడ్లు, వైపర్ బ్లేడ్లు, టైర్లు, బల్బులు, బ్యాటరీ, సస్పెన్షన్ బుష్‌లు చాలావరకు ఇందులో ఉండవు. మామూలుగా ఐదేళ్ళ కారుకి వచ్చే ఖర్చులు ఎక్కువగా ఇవే. అందుకే మీ మావయ్యగారు ‘దండగ’ అంటున్నారు. ఆయన నడిపిన కార్లకి ఆ మాట నూటికి నూరుపాళ్ళు నిజం.

మీరు లెక్కల టీచరు కాబట్టి ఇదీ లెక్క. 27,500 కడుతున్నారు. డీసీటీ గేర్‌బాక్స్‌లో పెద్ద పని పడితే బిల్లు లక్ష దాటడం మామూలే. 1,20,000 అనుకుందాం. 27,500ని దానితో భాగిస్తే దాదాపు 0.23. అంటే ఈ రెండేళ్ళలో అలాంటి పెద్ద రిపేరు వచ్చే అవకాశం నూటికి 23 దాటితేనే మీకు సంభావ్యత లెక్కన గిట్టుబాటు. నాలుగు కార్లలో ఒక కారుకి గేర్‌బాక్స్ పోతుందా? పోదు. అలా పోయే కారయితే కంపెనీ ఈ ధరకి వారంటీ అమ్మదు. ఇంజిన్లోకి గాలి ఎక్కువగా తోసే టర్బో, ఏసీ కంప్రెసర్, ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్, టచ్‌స్క్రీన్ లాంటి పదుల వేల రిపేర్లు కూడా కలిపి చూసినా అమ్మేవాడికి లాభం ఉంటుంది, లేకపోతే రోజుకి రెండు ఫోన్లు చేయరు.

మరి కట్టమని ఎందుకంటున్నాను? సగటు లెక్క కంపెనీకి పనికొస్తుంది, వాళ్ళకి వేల కార్లు. మీకున్నది ఒక్కటే కారు. దాని గేర్‌బాక్స్ పోతే పూర్తిగా పోతుంది, లేకపోతే లేదు. పోయిన నెలలో మీ దగ్గర లక్షా ఇరవై వేలు చేతిలో ఉంటాయా? మీరు రాసిన లోను, ఫీజు చూస్తే ఉండవు. చీటీ మధ్యలో పాడుకోవాలి, లేదా బంగారం బ్యాంకులో పెట్టాలి. స్కూలుకి వెళ్ళడానికి మీకు ఆ కారే ఆధారం, పక్కన తిరగడానికి మీ వారు ఊళ్ళో లేరు. పైగా ఇప్పటికే అదురు కనిపిస్తోంది. ఇవన్నీ ఒక్కచోట కలిశాయి కాబట్టే కట్టమంటున్నాను. రెండేళ్ళూ ఏమీ కాకపోతే 27,500 పోయినట్టే, తిరిగి రాదు. దానికి సిద్ధపడే కట్టండి.

ఇదే ప్రశ్న ఒక మామూలు పెట్రోలు కారు, టర్బో లేదు, చేత్తో వేసే గేర్లు, ఊళ్ళో తిరిగే కారు గురించి అడిగి ఉంటే వద్దనేవాణ్ణి. ఆ ఇంజిన్లు, గేర్‌బాక్స్‌లు అంత తొందరగా మొరాయించవు, మొరాయించినా బయట బాగుచేసేవాళ్ళు ఉన్నారు. నా పాత హ్యాచ్‌బ్యాక్‌కి అలాగే పదకొండు వేలు కట్టి, రెండేళ్ళలో ఒక్కసారి కూడా వాడుకోలేదు. ఆ డబ్బు పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌లో వేసుకున్నా ఏదైనా టైర్ల జతకి పనికొచ్చేది. అలాగే నెలకి మూడు వేల కిలోమీటర్లు తిరిగే మెడికల్ రెప్ అడిగినా ముందు కిలోమీటర్ల పరిమితి చూసుకోమనేవాణ్ణి. ఐదేళ్ళు అని రాసి ఉన్నా పక్కనే ‘లేదా లక్ష కిలోమీటర్లు, ఏది ముందైతే అది’ అని ఉంటే ఆయనకది మూడేళ్ళు నిండేలోపే అయిపోతుంది. మీరు ఏడాదికి పన్నెండు వేల పైచిలుకు తిరుగుతున్నారు, ఐదేళ్ళకి 62 వేలు దాటవు. ఆ బెంగ మీకు లేదు.

కంపెనీ కంపెనీకి అసలు వారంటీయే వేరు. హ్యుందాయ్ మూడేళ్ళు ఇస్తుంది, కిలోమీటర్ల లెక్క లేదు. టయోటా మూడేళ్ళు లేదా లక్ష కిలోమీటర్లు. మారుతీ సుజుకీ చాలాకాలం రెండేళ్ళు లేదా 40,000 కిలోమీటర్లే ఇచ్చి, 2024 జులైలో మూడేళ్ళు లేదా లక్ష కిలోమీటర్లకు పెంచింది. కాబట్టి పక్కింటివాళ్ళ కారుతో పోల్చుకోకండి, మీ కారుతో ఇచ్చిన వారంటీ పుస్తకం తీయండి.

దానితోపాటు కారు కొన్నప్పటి బిల్లు కూడా తీయండి. అడగాల్సిన మొదటి ప్రశ్న, ఈ పొడిగింపు మీరు ఇప్పటికే కొని ఉన్నారా అని. ఇది నవ్వులాట కాదు. ఆన్‌రోడ్ ధరలో యాక్సెసరీ కిట్, ఫాస్టాగ్‌తోపాటు ఎక్స్‌టెండెడ్ వారంటీ కూడా కలిపేసి అమ్మడం షోరూముల్లో మామూలు. మూడేళ్ళకి ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. ఇప్పటికే కొని ఉన్నదాన్ని మళ్ళీ కొనబోయినవాళ్ళని నా కౌంటర్ దగ్గర చూశాను. బిల్లులో ఆ వరస ఉందో లేదో చూడండి, లేదా వర్క్‌షాపులో ఛాసిస్ నంబరు చెప్పి సిస్టమ్‌లో వెతకమనండి.

‘ఇవాళే ఆఖరు’ అనే మాటకి టెన్షన్ పడకండి. నిజమైన ఆఖరు రోజు మీ వారంటీ ముగిసే తేదీ. అది కారు డెలివరీ ఇచ్చిన రోజు నుంచి లెక్క. ఆ తేదీ దాటితే మాత్రం చాలామంది ఇవ్వరు, లేదా ఇన్‌స్పెక్షన్ అడుగుతారు, రేటు పెంచుతారు. ఇవాళ్టి గడువు ఫోన్ చేసిన అమ్మాయి టార్గెట్‌ది. ఆమెనీ తప్పు పట్టలేం, నెలాఖరుకి అన్ని పాలసీలు అమ్మాలని పైనుంచి ఒత్తిడి ఉంటుంది. మేమూ అదే చేశాం. కంపెనీ సొంత యాప్‌లోనో, వెబ్‌సైట్‌లోనో మీ బండి నంబరు కొట్టి ధర చూడండి. కౌంటర్ మీద చెప్పిన ధరకీ దానికీ తేడా కనిపిస్తే ఆ తేడానే మీ బేరం.

రెండో ప్రశ్న, ఇది ఎవరి వారంటీ? కారు తయారుచేసిన కంపెనీదా, లేక షోరూమ్ వాళ్ళు వేరే సంస్థతో కలిసి అమ్ముతున్నదా? బ్రోచర్ మీద కారు బొమ్మ ఒకటే ఉంటుంది, అడుగున చిన్నక్షరాల్లో పేరు మారుతుంది. కంపెనీదైతే దేశంలో ఏ అధీకృత వర్క్‌షాపులోనైనా చెల్లుతుంది. వేరేవాళ్ళదైతే క్లెయిమ్‌కి ఒక గరిష్ఠ మొత్తం ఉండొచ్చు, ముందు మీరు కట్టి తర్వాత రాబట్టుకోవాల్సి రావచ్చు. కంపెనీది కాకపోతే మీకు వద్దు.

మూడోది డీసీటీ క్లచ్. మాన్యువల్ కారులో క్లచ్ ప్లేటు అరిగే భాగం అని తీసేస్తారు, అది న్యాయమే. డీసీటీలో క్లచ్‌ల జతని ఏ లెక్కలో వేశారు? గేర్‌బాక్స్ కంట్రోల్ యూనిట్, అంటే ఇందాక చెప్పిన చిన్న కంప్యూటర్, కవర్ అవుతుందా? లేబర్ చార్జీలు కూడా కలిసేనా? ఈ మూడింటికీ జవాబు సర్వీస్ అడ్వైజర్ నోటితో కాదు, నియమాల కాగితంలో వేలు పెట్టి చూపించమనండి. మీరు ఈ 27,500 పెట్టి కొంటున్నది నిజానికి ఆ గేర్‌బాక్స్ భరోసానే. రెండు క్లచ్‌లూ, కంట్రోల్ యూనిట్టూ కూడా అందులో లేవని తేలితే నా సలహా వెనక్కి తీసుకుంటాను, కట్టకండి.

ఇప్పుడు ఆ బయట మార్పించిన ఆయిల్ సంగతి. పెద్ద నేరమేం కాదు. కానీ ఇంజిన్‌కో, టర్బోకో సంబంధించిన క్లెయిమ్ వస్తే, ‘మా దగ్గర సర్వీస్ చేయించలేదు’ అని తిప్పికొట్టడానికి వాళ్ళకి దొరికే మొదటి కారణం అదే. దాచిపెట్టి డబ్బు కట్టడం కన్నా, కట్టకముందే సర్వీస్ మేనేజర్‌కి ఒక మెయిల్ పెట్టండి. ఫలానా తేదీన, ఇన్ని కిలోమీటర్ల దగ్గర ఆయిల్ బయట మార్పించాం, మిగతా సర్వీసులన్నీ మీ దగ్గరే, ఈ చరిత్రతో ఎక్స్‌టెండెడ్ వారంటీ పూర్తిగా చెల్లుతుందా అని. ఆ మెకానిక్ బిల్లూ, వాడిన ఆయిల్ గ్రేడూ దొరికితే జతచేయండి. చెల్లుతుందని రాతపూర్వకంగా జవాబొస్తే దాచుకోండి. ‘మేడమ్, వచ్చి మాట్లాడండి’ అని ఫోన్ చేస్తే, మాట్లాడాక మీరే ‘ఇవాళ మీరు ఇలా చెప్పారు’ అని మళ్ళీ మెయిల్ పెట్టండి.

ఇంత జాగ్రత్తలు చెప్పే నేనే ఒకసారి బొక్కబోర్లా పడ్డాను. వారంటీలో ఉన్న నా కారుకి యాక్సెసరీల దుకాణంలో పదిహేను వందలు పెట్టి రివర్స్ కెమెరా వేయించాను. కుర్రాడు వెనక లైటు వైరు కోసి, టేపు చుట్టి, ఇరవై నిమిషాల్లో పని అయ్యిందనిపించాడు. ఎనిమిది నెలలకి లైట్లూ, తలుపు లాకులూ నడిపే ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పోయింది. వర్క్‌షాపు వాళ్ళు ఆ టేపు చుట్టిన వైరు ఫొటో తీసి నా ముందు పెట్టారు. ఆ వైరు వల్లే పోయిందా అంటే వాళ్ళూ చెప్పలేరు, కాదని నేనూ నిరూపించలేను. ముప్పై రెండు వేలు నేనే కట్టుకున్నాను. ఆ కౌంటర్‌కి అవతలి వైపు నిలబడటం అదే మొదటిసారి, బాగాలేదు. కాబట్టి పెద్ద హారన్లు, ఫాగ్ లైట్లు, కొత్త స్టీరియో లాంటివి వైరు కోసి బిగించేవైతే ఈ రెండేళ్ళు ఆగండి.

మావయ్యగారికి ఏం చెప్పాలో కూడా మీరు ఆలోచిస్తూనే ఉంటారు. ఆయన మెకానిక్‌ని వదులుకోమని చెప్పను. పంక్చర్లు, బ్రేకు ప్యాడ్లు, బ్యాటరీ లాంటివి వారంటీలో రావు కాబట్టి వాటికి ఊళ్ళోవాడే నయం, చవక కూడా. ఆయిల్ సర్వీసు మాత్రం ఏడాదికోసారి, కంపెనీ చెప్పిన గడువు దాటకుండా వర్క్‌షాపులోనే. ఐదేళ్ళు నిండాక కారు మొత్తం ఆ మెకానిక్‌కే అప్పగించవచ్చు.

అన్నీ సరిగ్గా ఉన్నా క్లెయిమ్ ఇవ్వమంటే, ఎందుకు ఇవ్వరో రాసివ్వమని అడగండి. చాలాసార్లు ఆ ఒక్క మాటతోనే స్వరం మారుతుంది. మారకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుకి రెండేళ్ళ గడువు. మీ కారులా 10 నుంచి 20 లక్షల మధ్య చెల్లించిన వాటికి ఫీజు 400 రూపాయలు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఆన్‌లైన్లో దాఖలు చేసే వీలూ ఉంది. అక్కడ కూడా మొదట అడిగేది జాబ్ కార్డులే.

ఆదివారం వర్క్‌షాపులో అనుభవమున్న టెక్నీషియన్ ఉండడు. ఈ వారంలోనే ఒక పూట సెలవు పెట్టి, పొద్దున్నే మొదటి బండిగా వెళ్ళండి. వీలైతే మావయ్యగారినీ తీసుకెళ్ళండి, వెనక సీట్లో కూర్చుని ఆ అదురు ఆయన కూడా చూస్తారు. జాబ్ కార్డులో ఏమని తేల్చారో, క్లచ్ గురించి నియమాల కాగితంలో ఏముందో నాకు రాయండి. ఫొటో తీసి పంపినా చాలు.